ఓబులేసు ఊపిరి

చుట్టం వచ్చిన కొత్తలో చిప్పగుట్ట జనం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ వారమంతా ఊళ్లో కుళాయిలు రాలేదు మరి. చంద్రుడికి కాస్త ఇవతలగా, కొండంత నల్లటి వస్తువొకటి ఎక్కణ్ణుంచో వచ్చి నిలబడిందని, అది రాయి కాదని, బుద్ధి ఉన్నవాళ్లెవరో చేసిందని టీవీలు గొంతు చించుకుంటుంటే, చిప్పగుట్ట ఆడవాళ్లు బిందెలు వరస పెట్టుకుని ట్యాంకరు కోసం రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నారు. పత్రికలు దానికి 'అతిథి' అని పేరు పెట్టాయి. చిప్పగుట్టలో ఆ మాట ఎవరి నోటికీ అంటుకోలేదు. పిలవకుండా వచ్చింది, వచ్చి గడప దాటకుండా నిలబడింది, అడిగినదానికి జవాబు చెప్పదు. చుట్టం కాక ఇంకేమిటన్నారు. ఆ పేరే నిలిచింది.

అయితే ఆ చుట్టంతో మాట్లాడే పని చివరికి ఆ ఊరి మనిషి చేతిలోనే పడింది. చిప్పగుట్టలో ఒకప్పుడు బంగారు గని ఉండేది. బంగారం అడుగంటి గని మూతపడ్డాక, ఆ గుట్ట మీద సర్కారు పెద్ద రేడియో డిష్ ఒకటి నిలబెట్టింది. భూమి తిరుగుతుంటే చుట్టం ఒక్కో దేశం నెత్తి మీదికి వస్తుంది కదా, మన వంతు వచ్చినప్పుడు సందేశం పంపేది ఆ డిష్ నుంచే. పంపే యంత్రం దగ్గర కూర్చునే ఇంజనీరు హంపమ్మ. గనిలో రాళ్లకు తూట్లు వేసిన ఓబులేసు కూతురు. నలభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు ఆకాశం చూపించేది. చిన్నప్పటినుంచీ ఆమెకు ఒకటే పిచ్చి, ఆ పైన ఎవరైనా ఉన్నారా అని.

ఉన్నారని తేలింది. కానీ మాటే కలవడం లేదు. అన్ని దేశాలూ తమకు తోచినవన్నీ పంపాయి. అంకెలు పంపారు, బొమ్మలు పంపారు, పాటలు పంపారు, పసిపిల్లల నవ్వులు పంపారు. ఏది పంపినా, వెలుతురు వెళ్లి రావడానికి పట్టే రెండు మూడు క్షణాల్లో చుట్టం దాన్నే తిప్పి పంపేది, ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తీయకుండా. కేంద్రం డైరెక్టరు పానకాలరావు గారిది మంగళగిరి వైపు. ఆయన విసిగిపోయి, "చిలకైనా నయమమ్మా, జామపండు కావాలని అడుగుతుంది," అన్నారు. చుట్టం అక్కడ ఎంతోకాలం ఉండదని, వర్షాకాలం పోయేలోగా దాటిపోతుందని లెక్కలు చెబుతున్నాయి. ఆలోగా ఒక్క మాటైనా దాని సొంతమాట వినాలని ప్రపంచమంతా చెవులు నిక్కబొడుచుకుని ఉంది.

హంపమ్మ ఒక చెవి మాత్రం ఇంటి దగ్గర ఉండేది. గనిలో పీల్చిన రాతిదుమ్ము ఓబులేసు ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయింది. గుట్ట కింది క్వార్టర్సులో మంచం మీద కూర్చునే నిద్ర, పక్కన ఆక్సిజన్ సిలిండరు. కంట్రోల్ రూములోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్లకూడదు. అందుకని గని కాలంనాటి పాత టెలిఫోను తీగ ఒకటి క్వార్టర్సు నుంచి గుట్ట మీదికి ఇంకా బాగానే ఉందని కనిపెట్టి, నాన్న మంచం కోడుకు చిన్న మైకు కట్టి, దాని రెండో కొస తన బల్ల మీది ఖాళీ లైనుకు కలుపుకుంది. చేతులు పని చేస్తుంటే చెవిలో నాన్న ఊపిరి గురగురమంటుండేది. అది వినిపిస్తున్నంతసేపూ ఆమెకు ధైర్యం. రూలు ప్రకారం తప్పే. పానకాలరావు గారు ఆ తీగను రోజూ దాటుకుంటూ నడిచేవారు, ఏనాడూ చూడలేదు.

ఆ రోజు సాయంత్రం ఓబులేసుకు ఆయాసం ఎక్కువైంది. చెవిలో సరిగా వినపడక, హంపమ్మ ఆ తీగను తీసి సందేశాలు పంపే పెద్ద యాంప్లిఫయరుకు తగిలించింది. ఊపిరి గది నిండా వినిపించింది. కాస్త కుదుటపడ్డాడని తెలిశాక ఆమె మనసూ కుదుటపడింది, తీగ సంగతి మరిచిపోయింది. మన దేశం వంతు వచ్చింది. ఢిల్లీ నుంచి వచ్చిన అంకెల వరస పంపుతున్నాననుకుని స్విచ్చి వేసింది. ఏ స్విచ్చి ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషే. ఆకాశానికి అంకెలు వెళ్లలేదు, ఓబులేసు ఊపిరి వెళ్లింది.

తిరిగి ఏమీ రాలేదు. ఎప్పుడూ తడుముకోకుండా అప్పజెప్పే చుట్టం మొదటిసారి ఊరుకుంది. మీటర్లన్నీ చూసి, యంత్రం చెడిందేమోనని హంపమ్మ పానకాలరావు గారిని పిలిచింది. ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడగానే స్పీకరులోంచి ఒక ఊపిరి వినిపించింది. లోపలికి పీల్చి, కాసేపు ఆగి, మెల్లగా వదిలిన ఊపిరి.

"మీ నాన్నగారికి తగ్గినట్టుందే," అన్నారాయన.

హంపమ్మ స్పీకరు వైపు చెయ్యి చూపింది. "ఇది మా నాయనది కాదు సార్. మా నాయన ఊపిరిలో గురగుర ఉంటుంది. అదిగో, వెనకాల వినండి. అది ఆయనది. ఇది ఇంకొకరిది."

రెండు ఊపిర్లు. ఓబులేసు పీలిస్తే అదీ పీల్చింది. ఓబులేసుకు దగ్గు తెర వచ్చి ఊపిరి అడ్డం పడితే అది ఆగింది. దగ్గును తిప్పి పంపలేదు, ఆగి ఎదురుచూసింది. ఆయన తేరుకుని మళ్లీ అందుకోగానే తనూ అందుకుంది, ఆయనకంటే కొంచెం నింపాదిగా, కొంచెం నిడివిగా. పానకాలరావు గారు కుర్చీ కోసం తడుముకుని కూర్చున్నారు. అప్పటికి ఆమెకు తీగ సంగతి గుర్తొచ్చింది.

"తప్పు జరిగిపోయింది సార్. తీసేయమంటారా?"

"తీస్తే నిన్నూ నన్నూ కూడా తీసేస్తారు. ఉంచమ్మా," అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు ఓబులేసు మంచం పక్కన స్పీకరు పెట్టారు. ఆయన కాసేపు విని, కూతుర్ని దగ్గరికి రమ్మన్నాడు.

"ఎవురు పాపా, నా పక్కన ఊపిరి తీస్తాండేది?"

"చుట్టం నాయనా. పైనున్నదే."

హంపమ్మ తల్లి మారెక్క పొయ్యి దగ్గర్నుంచి, "పిలవని చుట్టానికి మంచంలో చోటిచ్చినావా? ఇంగ దానికి సంగటి గూడా నేనే కెలకాల్నేమో," అంది. కానీ ఆ పూట నుంచి ఆ గదిలో గిన్నెలు చప్పుడు కాకుండా దించింది.

ఓబులేసు మాత్రం ఆశ్చర్యపోలేదు. మాటకు మాటకు మధ్య ఆగుతూ చెప్పాడు. "గనిలో కప్పు కూలినప్పుడు లోపల ఇరుక్కున్నోడు అరవగూడదు. అరిస్తే గాలి అయిపోతాది. పక్క సొరంగంలో ఇంగొకడు ఇరుక్కోనుంటాడు, వాని ఊపిరి రాతిలోంచి ఇనపడతాది. అది ఇనుకుంటా కూచ్చోవాల. నేనుండా అని వానికి తెలిసేటట్టు మనం గూడా కొంచెం గట్టిగా తీయాల. అంతే. ఎవురన్నా తవ్వుకోని వచ్చేదంకా అదే మాట, అదే ముచ్చట."

"అది కూడా యాడన్నా ఇరుక్కుందంటావా?"

"ఏమో పాపా. అడిగేదానికి నాకు ఊపిరి యాడుంది?" అని నవ్వబోయి దగ్గాడు. స్పీకరులో ఊపిరి ఆగింది. దగ్గు తగ్గాక మళ్లీ మొదలైంది. ఆ వేళ ఓబులేసు ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయాడు.

ఇక ప్రపంచం చిప్పగుట్టకు దిగింది. నీళ్ల ట్యాంకర్లు రాని రోడ్డు మీద అద్దాల కార్లు వచ్చాయి. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఆ ఊపిరిని ముక్కలు ముక్కలు చేసి వెతికారు. అందులో అంకెలున్నాయేమో, బొమ్మలున్నాయేమో, దాని ఊరి పేరుందేమో అని. ఊపిరిలో ఊపిరి తప్ప ఏమీ దొరకలేదు. తక్కిన దేశాల వాళ్లు ఊరుకుంటారా, వాళ్ల రోగుల ఊపిరి, వాళ్ల పహిల్వాన్ల ఊపిరి, యోగుల ఊపిరి పంపారు. చుట్టం అవన్నీ ఎప్పటిలాగే చిలక పలుకుల్లా తిప్పికొట్టింది. ఓబులేసు ఊపిరి వెళ్లినప్పుడు మాత్రమే తన ఊపిరి వినిపించేది. ఎందుకో ఎవరికీ తెలియలేదు. చుట్టానికి వినిపించాలని కాకుండా, బతకడానికి తీసిన ఊపిరి అదొక్కటేనని హంపమ్మకు అనిపించింది గానీ, అది శాస్త్రం కాదని పైకి అనలేదు.

మెల్లగా కొన్ని మార్పులు కనిపించాయి. ఓబులేసు మెలకువగా ఉన్నప్పుడు చుట్టం ఊపిరికి ఒక తీరు, నిద్రపోతే ఇంకో తీరు. ఒకరోజు ఆయన తనకు తానుగా మూడుసార్లు పొట్టిగా పీల్చి ఆగాడు. గనిలో అది 'నువ్వు బాగుండావా' అని అడగడమట. చుట్టం చాలాసేపు ఊరుకుని, రెండుసార్లు పొట్టిగా పీల్చి ఆగింది. దానికి గనిలో అర్థమేమీ లేదన్నాడు ఓబులేసు. అర్థం లేకపోవడమే శాస్త్రవేత్తలకు పండగయింది. అప్పజెప్పలేదు, సొంతంగా జవాబు చెప్పింది. మరి కొన్ని నెలలు ఇలాగే సాగితే ఒక భాష అంటూ ఏర్పడుతుందని రాత్రింబగళ్లు లెక్కలు కట్టారు.

కానీ ఓబులేసు దగ్గర నెలలు లేవు. ఢిల్లీ నుంచి వచ్చిన డాక్టరు పరీక్ష చేసి, వారం గడవడం కష్టమన్నాడు. గొంతులో గొట్టం వేసి వెంటిలేటరు మీద పెడితే మాత్రం చుట్టం దాటిపోయేదాకా ఊపిరి నడిపించవచ్చునట. ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. డాక్టరు చెడ్డవాడేం కాదు, హంపమ్మ చేతులు పట్టుకుని బతిమాలాడు. మనుషులు పుట్టిన దగ్గర్నుంచి ఎదురుచూసిన మాట ఇది, మీ ఒక్క ఇంటి చేతిలో ఉంది అన్నాడు.

చెప్పుకోవడానికి హంపమ్మకు సిగ్గుగా ఉంది, కానీ ఆశ డాక్టరుకంటే ఆమెకే ఎక్కువ. బతుకంతా కోరుకున్నది ఇదొక్కటే. ఇప్పుడది చేతికందింది, నాన్న గొంతులో గొట్టం పెడితే నిలుస్తుంది. ఆ సంగతి తల్లితో చెప్పడానికి ధైర్యం చాలలేదు. తిన్నగా వెళ్లి నాన్న మంచం పక్కన కూర్చుంది. ఉన్నదున్నట్టు చెప్పింది.

ఓబులేసు అంతా విన్నాడు. "గొట్టం పెడితే మాట్లాడేదానికి అయితాదా?"

"కాదు నాయనా. నిద్రపుచ్చేస్తారు."

"మరి ఆ ఊపిరి ఎవురు తీస్తారు?"

"మిషను తీస్తాది."

ఆయన స్పీకరు వైపు చూశాడు. అది ఎప్పటిలాగే నింపాదిగా పీలుస్తోంది, వదులుతోంది. "మిషను ఊపిరి పంపించి నాదని చెప్పేది మోసం గదా పాపా. అది నన్ను నమ్ముకోని కూచ్చోనుండాది." కూతురి ముఖం చూసి అన్నాడు. "అయినా నీకు కావాల్నంటే చెప్పు. సిన్నప్పటి నుంచి నువ్వు దేనికి కాసుకోనుండావో నాకు తెలీదా? నీ కోసరమైతే పెట్టించుకుంటా."

కాదనుంటే ఆమెకు సులువయ్యేది. ఆయన ఇస్తానన్నాడు. పిల్లప్పుడు జాతరలో ఏది అడిగినా జేబు తడుముకుని ఎలా కొనిచ్చాడో అలాగే ఇస్తానన్నాడు. తీసుకోవాలని ఎంతగా అనిపించిందో హంపమ్మకే తెలుసు. ఆ అనిపించడం మీద తనకే అసహ్యం వేసింది. నాన్న చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. రాళ్లు కొట్టిన చెయ్యి, ఇప్పుడు బరువే లేదు.

"వద్దులే నాయనా," అంది.

బయటికి వచ్చి డాక్టరుకు అదే మాట చెప్పింది. ఆయన కోపగించుకోలేదు, కానీ ఆ తరవాత ఆమె కళ్లలోకి చూడలేదు. ఢిల్లీ నుంచి ఫోన్లు వచ్చాయి. బతిమాలారు, బెదిరించారు, దేశం అన్నారు, లోకం అన్నారు. పానకాలరావు గారు ఆ ఫోన్లన్నీ తన దగ్గరే ఆపేశారు.

నాలుగైదు రోజుల తరవాత ఒక మధ్యాహ్నం, మారెక్క తడిగుడ్డతో పెదాలు అద్దుతుండగా ఓబులేసు ఊపిరి ఆగిపోయింది. పెద్దగా బాధ పడలేదు. ఒకటి తీశాడు, రెండోది తీయలేదు. మారెక్క గుడ్డ పక్కన పెట్టి, ఆయన గడ్డం పట్టుకుని పిలిచింది. స్పీకరులో చుట్టం ఒక ఊపిరి తీసి ఆగింది. ఎదురుచూసింది. ఇంకొకటి తీసింది, మళ్లీ ఆగింది. దగ్గుతెర వచ్చిందేమో, తగ్గుతుందేమో అని చూస్తున్నట్టే ఉంది. మంచం పక్కనే ఉన్న హంపమ్మ స్పీకరు స్విచ్చి కట్టేయాలని చెయ్యి చాచి కూడా కట్టలేకపోయింది. తల్లి ఏడుపు మొదలయ్యేసరికి అది నాలుగోసారి పీలుస్తోంది. ఏడుపు వినిపించింది కాబోలు, మధ్యలో ఆపేసింది.

ఆ తరవాత మరి వినపడలేదు. ఊపిరి సంగతి అలా ఉంచండి, చిలక పలుకులు కూడా మానేసింది. ఏ దేశం ఏం పంపినా, అంకెలు పంపినా పాటలు పంపినా, ఉలకలేదు పలకలేదు. ఓబులేసు పాత ఊపిరి రికార్డు కూడా పంపి చూశారు. దానికీ కదల్లేదు. ఉన్నచోటే ఉంది, అంతే.

లోకం ఊరుకుంటుందా? కూతురు 'ఊఁ' అని ఉంటే సరిపోయేదని పత్రికలు రాశాయి. ఒక ముసలివాడి నాలుగు రోజుల సుఖం కోసం మానవజాతి నోరు నొక్కేసిందని టీవీలో ఒకాయన కళ్లెర్రజేశాడు. క్వార్టర్సు గేటు దగ్గర కెమెరాలు పెట్టుకుని, మీకు పశ్చాత్తాపంగా ఉందా అని అడిగారు. హంపమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఉందో లేదో ఆమెకే తెలియదు. దినాలు గడిచాయి, డ్యూటీకి వెళ్లింది, ఖాళీ స్పీకరు ముందు కూర్చుంది. నిద్ర పట్టనప్పుడు ఒకటే ఆలోచన, అది అలిగిందా, నాన్నను మనం చంపేశామనుకుందా, అంత దూరం నుంచి వచ్చినదాన్ని నేనే వెళ్లగొట్టానా అని.

వర్షాకాలం చివర చుట్టం కదిలింది. లెక్కలు చెప్పినట్టే చంద్రుణ్ణి దాటి, నెమ్మదిగా వేగం అందుకుంది. ఆ సాయంత్రం దాటితే మరి ఏ డిష్‌కూ అందదు. చివరి వంతు చిప్పగుట్టదే వచ్చింది. ప్రపంచ దేశాలన్నీ కూడబలుక్కుని ఒక సందేశం తయారుచేశాయి. జరిగినదానికి మన్నించమని, మళ్లీ తప్పకుండా రమ్మని, ఎన్ని తీర్ల చెప్పగలరో అన్ని తీర్ల చెప్పారు. పానకాలరావు గారు హంపమ్మను ఇంటికి వెళ్లి నాలుగు మెతుకులు తిని రమ్మన్నారు. మీట నొక్కేది నువ్వేనమ్మా, తినకుండా కూర్చోకు అన్నారు.

మారెక్క వంటింటి గడప దగ్గర చింతపండులో గింజలు తీస్తోంది. కూతురు వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. కంచం ముందు పెట్టినా చెయ్యి పెట్టలేదు.

"ఏమైంది?"

"పోతాండాదమ్మా. ఒక్క మాటైనా చెప్పకుండా పోతాండాది." ఇన్నాళ్లూ పట్టి ఉంచిన ఏడుపు అప్పుడు వచ్చింది. "పోయొస్తానని గూడా చెప్పలేదు."

మారెక్క గింజ తీయడం ఆపి కూతురి వైపు చూసింది. అంత చదువుకున్న మనిషి ఇంత మాత్రం తెలియక ఏడుస్తోందేమిటని ఆమెకు నిజంగానే విచిత్రమనిపించింది.

"చావింటికి వచ్చినోళ్లు పోయొస్తామని చెప్తారా యాడన్నా?" అంది. "కూచ్చున్నంతసేపు కూచ్చోని, ఊరకే లేచి పోతారు. అది గూడా అట్లే పోతాండాది. తిను."

తల్లి మాటకు కంచంలో పెట్టిన హంపమ్మ చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం నుంచి ఈ రోజు దాకా ఒక్కొక్కటే కళ్ల ముందు నడిచింది. తల్లి ఏడుపు వినగానే ఆగిన ఊపిరి. ఆ తరవాత ఎవరు ఎంత పిలిచినా పలక్కుండా, పోకుండా, ఉన్నచోటే ఉన్న ఇన్ని రోజులు. అది అలకేమోనని ఇన్నాళ్లూ తను కుమిలిపోయింది. లేచి చెయ్యి కడుక్కుని ఇంటి ఫోను తీసింది.

"సార్, ఆ సందేశం పంపొద్దు."

"అదేవిటమ్మా? టైము లేదు, ప్రపంచమంతా కాచుక్కూర్చుంది," అన్నారు పానకాలరావు గారు.

"చావింటికి వచ్చినవాళ్లను మళ్లీ రండి అనకూడదు సార్."

 అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"మా వైపూ అనరమ్మా," అన్నారాయన చివరికి. "సరే, పంపను. మరి వీళ్లందరికీ ఏం చెప్పమంటావు?"

"ఉన్నదే చెప్పండి సార్. మా నాయనను చూడ్డానికి వచ్చింది, చూసి వెళ్లింది అని."